నిద్రపోయే ఫోనుతో చల్లపల్లి దాకా

లినక్స్ ఫోను రోజువారీ వాడకానికి సిద్ధమైందా అని పోయిన నెల ఎవరైనా అడిగి ఉంటే నా దగ్గర జవాబు ఉండేది. ఇప్పుడు లేదు. కర్నూలు నుంచి బయల్దేరి బెజవాడ, మంగళగిరి చూసుకుని, చల్లపల్లి దగ్గర మా తోడల్లుడి రొయ్యల చెరువును దాదాపు ముంచి ఇంటికొచ్చాను. ముంచింది ఫోనా, నేనా, కరెంటా, మర్యాదా అన్నది ఇంకా తేలలేదు. తేలేదాకా ఆగితే అసలు రాయలేననిపించి రాస్తున్నాను.

ముందు ఆ ఫోను నా దగ్గరికి ఎలా వచ్చిందో చెప్పాలి. నా పాత ఫోను బాగుచేయించడానికి షోరూముకు తీసుకెళ్తే అక్కడి సేల్స్‌మన్ దాన్ని ఒక్క వేలితో పక్కకు జరిపి, "ఇది ఇంకా వాడుతున్నారా సార్?" అన్నాడు. ఆ వేలు నాకింకా గుర్తుంది. ఇక కంపెనీలవాళ్ల ఫోను ముట్టుకోకూడదనుకుని లినక్స్ ఫోను తెప్పించాను. కాలేజీలో నేను చూసుకునే ల్యాబులో కంప్యూటర్లన్నీ లినక్స్ మీదే నడుస్తాయి. ఎవరి పెత్తనమూ ఉండదు, లోపల ఏం జరుగుతోందో మనమే విప్పి చూసుకోవచ్చు. ఫోను కూడా అలాగే ఉంటుందనుకున్నాను. మొదట వేసిన సిమ్ముతో నా మాట అవతలికి వెళ్లలేదు. సిమ్ము కంపెనీ మార్చాను, వెళ్లింది.

కొన్నాళ్లకు ఒక్కోసారి కాల్స్ రావడం లేదని అనుమానం వచ్చి, లినక్స్ వాళ్ల ఆన్‌లైన్ గుంపులో వివరంగా రాశాను. నేను రాసిన నాలుగు పేరాలకు ఒక పెద్దమనిషి ఒక్క ముక్కలో జవాబిచ్చాడు: "మాకు బాగానే పనిచేస్తోంది." దానికింద మిగతావాళ్లు మెచ్చుకోలుగా బొటనవేలి బొమ్మలు పెట్టారు. ఆయన పేరు ఇక్కడ రాయను. నాకు గుర్తుంది, అది చాలు.

సరే, ఈ ఒక్క ఫోనుతోనే ఊళ్లు తిరిగి వచ్చి సంగతేమిటో రాస్తానని గుంపులో ప్రకటించాను. అదే సమయానికి మా తోడల్లుడు నాగమల్లేశ్వరరావు, రొయ్యలు పట్టేలోగా ఒకసారి వచ్చి వెళ్లమని పిలిచాడు. నా భార్య పుట్టిల్లు అటువైపే అయినా, "ఆ ఫోనుతో మీరు వెళ్లండి, నేను రాను" అంది.

బెజవాడ: రింగిస్తానన్న ఆటో

బస్టాండు బయట టిఫిన్ హోటల్లో ఇడ్లీ తిన్నాను. మా కర్నూల్లో పొద్దున్నే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని కారంతో రోజు మొదలుపెడతాం. ఇక్కడ ఇడ్లీ మీద కారప్పొడి చల్లి, దాని మీద నెయ్యి పోసి, కారం తిన్నట్టూ తిననట్టూ చేస్తారు. బాగుంది. డబ్బులిచ్చే దగ్గరే ఇబ్బంది. నా ఫోను కెమెరా గల్లాపెట్టె మీది క్యూఆర్ బొమ్మను చదవగలదు గానీ డబ్బు పంపలేదు. బ్యాంకుల యాప్‌లు దాన్ని ఫోనుగా ఒప్పుకోవు. వంద కాగితం ఇస్తే గల్లా దగ్గరి ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"స్కాన్ చేసేయండి సార్, చిల్లర లేదండి."

"నా ఫోన్లో అవదండి."

"చార్జింగ్ లేదాండి?"

"చార్జింగ్ ఉంది. లినక్స్ ఫోను."

"ఓహో," అన్నాడు, నాకేదో జబ్బుందని చెప్పినట్టు. మిగిలిన చిల్లరకు దగ్గుబిళ్లలు ఇచ్చాడు. యాత్ర మొత్తం నా జేబులో దగ్గుబిళ్లలకు కరువు రాలేదు.

మధ్యాహ్నం బ్యారేజీ చూడ్డానికి ఒక ఆటో మాట్లాడుకున్నాను. "లాడ్జి కిందకొచ్చి రింగిస్తానండి, మీరు ఎత్తక్కర్లేదు, దిగొచ్చేయండి," అన్నాడు ఆటో ఆయన. ఇది ఈ జిల్లాలో గట్టిగా పాతుకుపోయిన అలవాటు. మాట్లాడుకోవడానికి డబ్బులు ఖర్చుకాని ఈ రోజుల్లో కూడా ఒక్క రింగిచ్చి కట్ చేస్తారు. వచ్చానంటే ఒక రింగు, చేరానంటే ఒక రింగు. మా వైపు ఫోను చేశారంటే ఎత్తేదాకా మోగిస్తారు.

పైన గదిలో ఎదురుచూసి చూసి, విసుగొచ్చి దిగాను. ఆయన కింద ఎదురుచూసి విసుగెత్తి ఉన్నాడు.

"రెండుసార్లు రింగిచ్చానండి."

ఫోను తీసి చూపించాను. అందులో కాల్ వచ్చిన ఆనవాలే లేదు.

"అంటే నేను అబద్ధమాడుతున్నానాండి?"

"నేను అనడం లేదు. ఫోను అంటోంది."

"మీలాంటోళ్లని చాలామందిని చూశాన్లెండి," అని ఆటో తిప్పుకుని వెళ్లిపోయాడు. బ్యారేజీకి నడిచి వెళ్లాను. నది నిండుగా ఉంది. నాకు మాత్రం నీళ్లకు బదులు ఆటో ఆయన వీపే కనిపిస్తూ వచ్చింది.

బీసెంట్ రోడ్డు: కవరు దొరకని ఫోను

సాయంత్రం ఫోనుకు ఒక కవరు కొందామని బీసెంట్ రోడ్డు పక్క సందులో ఒక సెల్ షాపుకు వెళ్లాను. యజమాని పేరు కరీముల్లా. గోడ నిండా కవర్లు వేలాడుతున్నాయి. ఆయన నా ఫోను తీసుకుని కళ్లజోడు పైకెత్తి చూశాడు.

"ఏం కంపెనీ సార్ ఇది?"

"కంపెనీ అంటూ ఏం లేదండి. లినక్స్."

"లినక్స్ కంపెనీ మాల్ ఇంకా మా మార్కెట్‌లోకి దిగలేదు సార్."

వెనక మూత తీసి లోపలున్న చిన్న చిన్న స్విచ్చులు చూపించాను. ఒకటి మైకుది, ఒకటి కెమెరాది. ఆపేస్తే ఎవరూ మన మాట వినలేరు అని చెప్పాను. ఆయన చాలాసేపు ఆ మైకు స్విచ్చు వైపే చూశాడు.

"మా బావమరిదికి ఇట్టాంటిది బిగించొచ్చా సార్?"

కాల్స్ రావడం లేదని చెబితే, తన ఫోనుతో ఒక్క రింగిచ్చి కట్ చేశాడు. నా ఫోను ఆయన చేతిలోనే గణగణా మోగింది.

"బంగారంలా మోగుతోంది. ఆటోవాడు ఎక్కడో ఇంకో బేరం చూసుకుని మీకు కథ చెప్పుంటాడు సార్."

నేను కూడా అదే అనుకున్నాను. ఇంకో ఫోను కవరును కత్తెరతో కత్తిరించి, రబ్బరు బ్యాండు వేసి ఇచ్చాడు. టీ తెప్పించాడు. కవరుకు డబ్బులు తీసుకోలేదు. "దీనికి డబ్బులు తీసుకుంటే నా పేరే పోద్ది," అన్నాడు. అది మర్యాదో ఎగతాళో ఆ రోజు తేల్చుకోలేకపోయాను.

మంగళగిరి: రాని రింగు, కొనని చీర

మర్నాడు మంగళగిరి. కొండ మీద స్వామికి పానకం, కింద వీధుల్లో మగ్గాల చప్పుడు. అమరావతి రోడ్ల మీద వెళ్లే పెద్ద పెద్ద కార్లు ఈ వీధుల్లోకి వచ్చి, తిరగలేక వెనక్కి వెళ్తుంటాయి. నా భార్య ఒక ఆకుపచ్చ చీర తెమ్మంది. మా ఇద్దరి ఏర్పాటు ఏమిటంటే, నేను ఫొటో తీసి మెయిల్లో పంపాలి. ఆవిడకు నచ్చితే ఒక రింగిస్తుంది, నచ్చకపోతే ఇవ్వదు. కృష్ణా జిల్లా మనిషి కనుక ఆ పద్ధతి ఆవిడకు పుట్టుకతో వచ్చింది.

షాపులో చీరలు చూపించే ఆవిడ ఓపిక గల మనిషి. ఫొటో తీశాను. నా ఫోన్లో ఆకుపచ్చ చీర నీలంగా పడింది. ఆవిడ ఫొటో చూసి, చీర చూసి, మళ్లీ నన్ను చూసింది.

"మా చీర రంగు పోదు సార్. ఫొటోలోకి ఎక్కాక పోతే మేమేం చేయలేం."

పంపి, ఫోను జేబులో పెట్టుకుని కూర్చున్నాను. మజ్జిగ ఇచ్చారు. ఎంతసేపటికీ రింగు రాలేదు. నచ్చలేదన్నమాట అనుకుని లేచి వచ్చేశాను. సాయంత్రం నేనే ఫోను చేస్తే నా భార్య, "రింగిచ్చానుగా. చీర తీసుకున్నారా?" అంది. ఫోన్లో ఏమీ లేదన్నాను. "మీ ఫోను మాటే నమ్మండి," అని పెట్టేసింది. అప్పటికైనా నాకు వెలగాలి. వెలగలేదు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆవిడ చేయని పనులు చేశానని చెప్పిన సందర్భాలు నాకు కొన్ని గుర్తున్నాయి. దాన్నీ అందులో కలిపేశాను.

కాలవ పక్క బస్సులో

చల్లపల్లి బస్సు కాలవ పక్కనే వెళ్తుంది. మా సీమ కళ్లకు అన్ని నీళ్లు ఒక్కసారి చూడటం కష్టం. వరి, అరటి, మళ్లీ వరి, మధ్యలో చదరం చదరంగా చెరువులు. నా పక్కన ఖాళీ గంప ఒళ్లో పెట్టుకున్న ఆవిడ కూర్చుంది. సముద్రపు చేపలు ఊళ్లో అమ్ముకుని తిరిగి వెళ్తోంది. తన ఫోను చచ్చిపోయింది, అల్లుడికి ఒక కాల్ చేసుకుంటానంది. ఇచ్చాను. బస్సంతా వినేలా మాట్లాడింది.

"మీ ఫోను మాట ఖంగుమని వినపడతాందండీ. ఎంతకి కొన్నారు?"

చెప్పాను. ఫోను నా ఒళ్లో పెట్టేసి గంప సర్దుకుంది.

"ఆ డబ్బుకి మా ఇంటాయన వల కొనేవోడు," అంది.

అయినా నాకు సంతోషమే అయింది. కాల్ వెళ్లింది, మాట వినిపించింది. ఈ ఫోనుకు ఏ లోపమూ లేదని, లోపమంతా మనుషుల్లోనే ఉందని నిర్ధారించుకుని చల్లపల్లిలో దిగాను.

చెరువు గట్టు

నాగమల్లేశ్వరరావు నా భార్య చెల్లెలి భర్త. వాళ్ల పెళ్లిలో బంతిలో పెరుగు వడ్డించే మనిషి నా విస్తరిని దాటి వెళ్లాడు. తోడల్లుడి తప్పు కాదని తెలుసు, అయినా ఆయన్ని చూసినప్పుడల్లా అది గుర్తొస్తుంది. ఆయన మాత్రం నన్ను "అన్నయ్యగారు" అని తప్ప పిలవడు. ఇల్లు చల్లపల్లి దాటాక ఒక ఊళ్లో. చెరువు ఇంటికి కనబడనంత దూరం.

ఆ చెరువులో ఆయన ఏడాది బతుకంతా ఉంది. రొయ్యలు పట్టుబడికి వచ్చాయి. ఎదిగిన రొయ్యకు గాలి ఎక్కువ కావాలి. మబ్బు పట్టిన రోజున మరీ ఎక్కువ. అందుకని నీళ్లలో చక్రాల్లాంటి ఏరేటర్లు తిరుగుతూనే ఉండాలి. కరెంటు పోతే వెంటనే జనరేటరు వేయాలి. ఆలస్యమైతే రొయ్యలు ఊపిరాడక పైకి తేలతాయి, ఆ తర్వాత అడుక్కి పోతాయి. మరి ఇంట్లో ఉన్న మనిషికి చెరువు దగ్గర కరెంటు పోయినట్టు ఎలా తెలుస్తుంది? అక్కడ మోటారు స్టార్టరు పెట్టెలో ఒక సిమ్ము ఉంటుంది. కరెంటు పోగానే ఆ పెట్టె రైతు ఫోనుకు ఒక్క రింగిచ్చి కట్ చేస్తుంది. మెకానిక్కు అలా అమర్చాడు.

"దాంతో మాట్లాడేదేముందండీ. రింగొస్తే పరిగెడతాం," అన్నాడు మా తోడల్లుడు.

నేను వెళ్లిన మర్నాడు ఉదయం మబ్బుగా ఉంది. మేత తింటున్నాయో లేదో చూడ్డానికి నీళ్లలో దించిన ట్రేని పైకి లాగుతుంటే, ఆయన చొక్కా జేబులోంచి ఫోను జారి చెరువులో పడింది. తీసేసరికి అది పోయింది. సిమ్ము మాత్రం బాగుంది. ఇంటికొచ్చాం. నా మరదలు ధనలక్ష్మి వెంటనే, "నా ఫోన్లో వేయండి, రెండో సిమ్ము జాగా ఖాళీగానే ఉంది," అంది.

"నా ఫోను ఉండగా మీదెందుకమ్మా," అన్నాను.

"మీకెందుకండీ బావగారూ శ్రమ."

"శ్రమేముంది. ఈ ఫోను ఎలా పనిచేస్తుందో మీరూ చూడండి."

నాగమల్లేశ్వరరావు భార్య వైపు చూశాడు, నా వైపు చూశాడు. ఇంటికొచ్చిన పెద్దవాడు తన ఫోను చేతిలో పెడుతుంటే వద్దనడం ఆ జిల్లాలో ఎవరికీ చేతకాదు. "అన్నయ్యగారు అంతగా అంటుంటే కాదంటామా," అన్నాడు. నా సిమ్ము తీసి ఆయనది వేశాను. ఆయన సిమ్ము కూడా నేను మారిన కంపెనీదే కావడం మా ఇద్దరి దురదృష్టం. మళ్లీ ఇద్దరం చెరువు దగ్గరికి వెళ్లాక ఆయన మెయిన్ స్విచ్ ఆపి చూశాడు. నా చేతిలో ఫోను మోగింది. ఇద్దరమూ తృప్తిపడి భోజనానికి వెళ్లాం.

మిక్సీ తిరగని మధ్యాహ్నం

రొయ్యల ఇగురు, గోంగూర, ముద్దపప్పు. ఫోనును మా ఇద్దరి కంచాల మధ్య, మంచినీళ్ల చెంబుకు ఆనించి పెట్టాను. ఫోను ఎదురుగా ఉంది కదా అని మా తోడల్లుడు ఆ రోజు తీరిగ్గా కూర్చుని తిన్నాడు. అన్ని నెలల్లో అంత నిదానంగా తినడం అదే మొదటిసారన్నాడు. నేను లినక్స్ గురించి చెబుతున్నాను. పైన ఫ్యాను తిరుగుతోంది. పెరుగు ఈసారి నాకే ముందు వడ్డించారు. అది కూడా గమనించాను.

వంటింట్లోంచి ధనలక్ష్మి గొంతు వినిపించింది. "ఏవండీ, మిక్సీ తిరగట్లేదేంటండీ?"

మా తోడల్లుడి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. ఫ్యాను తిరుగుతోంది, ఎందుకంటే అది ఇన్వర్టరు మీద ఉంది. మిక్సీ ఇన్వర్టరు మీద తిరగదు. ఇంట్లో కరెంటు పోయిందంటే చెరువు దగ్గరా పోయినట్టే. కరెంటు ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలియదు. ఫోను నల్లగా, ప్రశాంతంగా చెంబుకు ఆనుకుని ఉంది.

ఆయన ఎంగిలి చేత్తోనే బండెక్కాడు. నేను వెనక ఎక్కాను. గట్టు మీదికి చేరేసరికి చక్రాలన్నీ ఆగి, నీళ్లు అద్దంలా నిలబడి ఉన్నాయి. ఒక మూలన రొయ్యలు నీటి పైన వరసగా మూతులు ఆడిస్తున్నాయి. ఆయన జనరేటరు తిప్పాడు. ఆక్సిజన్ పొడి సంచి చించి చెరువంతా తిరుగుతూ చల్లాడు. నేను ఇంకో సంచి పట్టుకుని ఆయన వెనక నడిచాను. ఎటు చల్లాలో అడిగితే చెప్పే స్థితిలో ఆయన లేడు. సాయంత్రానికి చచ్చినవి రెండు గంపలయ్యాయి. మిగతావి బతుకుతాయా లేదా అన్నది మర్నాడు ఉదయం మేత ట్రేలు చెబుతాయి. రొయ్య తింటే బతికినట్టు. తినకపోతే ఉన్నపళంగా పట్టించి, వచ్చిన ధరకు ఇచ్చేయాలి.

"పర్లేదండి అన్నయ్యగారూ, కరెంటు చేసిన పని," అన్నాడు ఆయన.

తిట్టి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. తిరిగి ఏదో ఒకటి అనేవాణ్ణి, ఇద్దరం గుర్తుపెట్టుకునేవాళ్లం. "పర్లేదండి" అన్నవాణ్ణి ఏం చేయాలో నాకు తెలియదు. ధనలక్ష్మి మాత్రం కాఫీ గ్లాసు నా ముందు పెట్టి, "మీ ఫోను మరీ నిద్రమొహంది బావగారూ," అంది. అది మాత్రం గుర్తుంది.

నిద్రమొహమన్న మాట పట్టుకునే సంగతి కనిపెట్టాను. ఎవరూ తాకకుండా కాసేపు ఉంచితే ఆ ఫోను బ్యాటరీ మిగుల్చుకోవడానికి గాఢంగా నిద్రపోతుంది. రింగు వచ్చాక లేవడానికి దానికి సమయం పడుతుంది. మా వైపులా ఎత్తేదాకా మోగిస్తే లేచి మోగుతుంది. ఒక్క రింగిచ్చి కట్ చేస్తే, అది లేచేసరికి అవతలివాళ్లు వెళ్లిపోయి ఉంటారు. ఎవరూ రాలేదనుకుని మళ్లీ పడుకుంటుంది. కాల్ వచ్చినట్టు పద్దు కూడా రాసుకోదు. చేతిలో పట్టుకుని పరీక్షిస్తే మెలకువగానే ఉంటుంది కనుక ప్రతి పరీక్షా నెగ్గుతుంది. అంటే ఆటో ఆయన నిజమే చెప్పాడు. నా భార్యా నిజమే చెప్పింది. ఆటో ఆయనకు ఒక క్షమాపణ బాకీ ఉన్నాను. "మీలాంటోళ్లు" అన్న మాట మాత్రం అలాగే ఉంది, అది వేరే సంగతి.

షెడ్డులో

తెల్లవారి ట్రే పైకి లాగుతుంటే నేను పక్కనే నిలబడ్డాను. నీళ్లు కారిపోయాక అడుగు కనిపించింది. మేత లేదు. రెండో ట్రే కూడా ఖాళీ. మా తోడల్లుడు గట్టు మీద కూలబడ్డాడు. తర్వాత, "తిన్నాయండీ," అన్నాడు.

నేను అక్కడి నుంచి నేరుగా మోటారు షెడ్డులోకి వెళ్లి కూర్చున్నాను. ఫోను నిద్రను పూర్తిగా ఆపేశాను. అలా ఆపేస్తే బ్యాటరీ పూట కూడా నిలవదు కాబట్టి షెడ్డులో లైటు కోసం పెట్టుకున్న పెద్ద బ్యాటరీకి ఎప్పటికీ తగిలించి ఉంచాను. అలా కట్టేస్తే అది జేబు ఫోను కాదు. పాత ట్రాక్టరు హారన్ ఒకటి అడిగి, చిన్న ప్రోగ్రాము రాసి, స్టార్టరు పెట్టె నుంచి రింగు రాగానే హారన్ మోగేలా చేశాను. తర్వాత ఆ ఫోనే మా తోడల్లుడు కొత్త సిమ్ముతో సహా కొన్న బటన్ల ఫోనుకు కాల్ చేస్తుంది. ఒక్క రింగుతో ఊరుకోదు, ఎత్తేదాకా చేస్తూనే ఉంటుంది. అందులో మా సీమ పద్ధతి పెట్టాను.

మధ్యాహ్నం దాకా ఎవరూ దాన్ని తాకకుండా వదిలేసి, అప్పుడు స్విచ్ ఆపి చూశాం. హారన్ మోతకు పక్క చెరువుల వాళ్లు పరిగెత్తుకొచ్చారు. అందులో ఒకాయన ఫోనును తేరిపార చూసి, "ఇట్టాంటి పనికిరాని ఫోన్లు ఇంకా ఎక్కడన్నా దొరుకుతాయాండి?" అని అడిగాడు. మనస్ఫూర్తిగానే అడిగాడు.

నేను బయల్దేరేటప్పుడు నాగమల్లేశ్వరరావు చాలా ఇబ్బందిపడుతూ నిలబడ్డాడు.

"అన్నయ్యగారూ, ఏమీ అనుకోకపోతే, ఇది ఇక్కడే ఉంచుతారా?"

"బావగారు ఇంకోటి కొనుక్కుంటారు లెండి. మా అక్క కూడా కాస్త సుఖపడుద్ది," అంది ధనలక్ష్మి.

వాళ్లు నా ఫోనును మెచ్చుకుంటున్నారో, అది నా చేతిలో మళ్లీ ఇంకో ఇంటికి వెళ్లకుండా చూస్తున్నారో నాకు అర్థం కాలేదు. ఉంచాను. తిరుగు బస్సులో నా దగ్గర ఫోను లేదు, సిమ్ము మాత్రం దగ్గుబిళ్లల మధ్య జేబులో ఉంది. మంగళగిరిలో దిగి ఆ ఆకుపచ్చ చీర కొన్నాను. అది నీలంగా లేదని నా భార్య అంది. ఫొటోలో చూసిన రంగే ఆవిడకు నచ్చిందట.

ఇప్పుడు నా దగ్గర కూడా బటన్ల ఫోనే ఉంది. గుంపులో వాళ్లు ఎన్నోసార్లు అడిగారు, సిద్ధమైందా లేదా, ఒక్క మాటలో చెప్పమని. జేబులో పెట్టుకుని తిరిగినన్నాళ్లూ అది ఎవరికీ అక్కరకు రాలేదు. షెడ్డు గోడకు కట్టేశాక రోజూ ఒక మనిషి బతుకును కాస్తోంది. దీన్ని ఒక్క మాటలో ఎలా చెప్పాలి?

నిన్న చల్లపల్లికి ఫోను చేశాను. ఎత్తేదాకా మోగించాను. పట్టుబడి అయిపోయిందనీ, కొత్త రొయ్యపిల్లలు వేశామనీ మా తోడల్లుడు చెప్పాడు.

"ఆ ఫోను ఎలా ఉంది?" అని అడిగాను.

"మాకు బాగానే పనిచేస్తోందండి," అన్నాడు.

ఈ మాట మీద నాకొక పాత కోపం ఉంది. దాన్ని ఇంకా ఉంచుకోవాలో వద్దో తెలియక, కాసేపు ఫోను చెవి దగ్గర అలాగే పట్టుకున్నాను. "అన్నయ్యగారూ, వినపడుతోందాండి?" అని అవతల ఆయన అడుగుతూనే ఉన్నాడు.